పంచుకోకూడని మందు

బొగ్గుతో నడిచే ఆ రోజుల బస్సు ఆత్మకూరు దాటాక ఎత్తు ఎక్కలేక ఆగిపోతే, అందరం దిగి రోడ్డు పక్కన కూలబడ్డాం. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరంతో నాకు నిలబడే ఓపిక లేదు. పక్కన ఒక పెద్దాయన అంత ఎండలోనూ కోటు కప్పుకుని వణుకుతున్నాడు. ఆయనదీ నా రోగమే.

ఆస్పత్రిలో నాకిచ్చిన క్వినైను బిళ్లలు తువ్వాలు చెంగున ముడేసి ఉన్నాయి. మా వైపు ఒకరికి మందిస్తే వణికేవాళ్లందరం ప్రసాదంలా పంచుకునేవాళ్లం. ఆ అలవాటుతోనే ముడి విప్పి, "సగం మీరు తీసుకోండయ్యా" అన్నాను.

ఆయన బిళ్లల వంక చాలాసేపు చూశాడు.

"వద్దబ్బయా. మద్రాసులో నా పని ఇదే. కుందేలు కార్జం, అదే కాలేయం, నూరి, దాంట్లో క్వినైను కలిపి చూస్తాం. కార్జంలో ఒక పదార్థం ఉండాది. ఇనుముకు తుప్పు పట్టినట్టు, అది మందును మార్చేస్తాది. మన కార్జమూ అంతే. అందుకే మళ్లీ మళ్లీ నిండుగా మింగాల. చెరి సగం తింటే మందంతా మన కార్జాలకే సరిపోతాది, జ్వరానికేం మిగలదు. మొత్తం ఒకరే తినాల."

వణికే చేత్తోనే నా గుప్పిట మూసి, కోటు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. బస్సు మళ్లీ కదిలాక, దుత్తలూరులో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఉదయగిరిలో ఇంటికి చేరేసరికి చెల్లెలు దుప్పటి కింద వణుకుతోంది.

"నాకు సగం తెచ్చినావా, అన్నా?"

బిళ్లలన్నీ దాని చేతిలో పోశాను.

"మరి నీకు?"

"నేను బస్సులోనే తినేసినాలే" అన్నాను.