గోడ అవతలి కుర్చీ

ఆర్కిటెక్టు ఆఫీసులో ఆవిడని అందరూ టేపక్క అంటారు. ఎవరైనా ఖాళీ స్థలంలో ఇల్లు కడతామని వస్తే, కాగితం మీద గీత పడకముందే ఆవిడ వెళ్ళి అక్కడ మూడు రోజులు కూర్చోవాల్సిందే. భుజాన సంచి, చేతిలో కొలతల టేపు, నెత్తిన మగవాళ్ళ టోపీ, చెవి వెనక పెన్సిలు. గాలివాటం చూడటానికి ఓ కర్రకి ఊలుదారం కడుతుంది. గంటకోసారి ఆ కర్ర నీడ కొసన మేకు దిగ్గొట్టి టైము రాసుకుంటుంది. వాన మొదలైతే అందరూ చూరు కిందికి పరిగెడతారు, ఆవిడ మాత్రం నీళ్ళు ఎటు పోతే అటు నడుస్తుంది.

మొన్న నాలుగంతస్తులు లేవబోయే స్థలం కొలతలు తెచ్చింది. పటంలో ప్రహరీగోడ అవతల, పక్కింటి వాకిట్లో నాలుగు చిన్న డబ్బాలు గీసి, ఒక్కోదాని పక్కన ఒక్కో టైము వేసింది. "ఇవేంటమ్మా?" అన్నాడు ఆర్కిటెక్టు. "పక్కింటి మామ్మగారి కుర్చీ సార్. మోకాళ్ళ నొప్పులట. పొద్దున్నుంచీ ఎండ ఎటు జరిగితే కుర్చీ అటు జరుపుకుంటారు. మనం పై అంతస్తు ఇలాగే లేపితే చలికాలమంతా ఆవిడకి ఎండుండదు." "మన స్థలం గోడ దాకానే కదా!" "మన నీడ గోడ దాకా వచ్చి ఆగదు కదండీ." ఆయన కాసేపు విసుక్కుని, చివరికి ఇల్లు కట్టిస్తున్నాయన్ని ఒప్పించి పై అంతస్తుని ఎనిమిదడుగులు వెనక్కి జరిపాడు. టేపక్క మేకులు పీకడానికి వెళ్ళిన పొద్దున, మామ్మగారు కుర్చీలోంచే పలకరించింది. "ఉత్త నేలలో అన్ని రోజులు ఏం కొలిచావే తల్లీ?" "ఎండ, మామ్మగారూ." "ఎండని కూడా కొలుస్తారా, చోద్యం!" అని నవ్వి, ఆవిడ లేచి కుర్చీని మూరెడు దూరం జరుపుకుంది. టేపక్క వాచీ చూసుకుంది. పదింబావు. పటంలో మూడో డబ్బా పక్కన వేసిన టైమే.