జమాదారుకు నేర్పిన పని

మొక్కలత్తకు ముక్కుమీద కోపం. నర్సరీకి వచ్చినవాళ్ళు ఊరికే ఒక ఆకు తుంచి వాసన చూశారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. అలాంటి మనిషి జమాదారు దగ్గర మాత్రం మెత్తబడిపోయేది. జమాదారంటే ఆమె పెంచుకున్న గోధుమరంగు కుక్క. పొద్దున్నే కుండీల వరసల మధ్య తనిఖీకి వచ్చినట్టు తిరుగుతుందని ఆమె మొగుడు, అదే మన మావయ్య, ఆ పేరు పెట్టాడు.

నర్సరీలో నత్తల బెడద అంతా ఇంతా కాదు. విషపు గుళికలు చల్లుదామన్నాడు మావయ్య.

"కుక్క నోట్లో పెట్టుకుంటే? మొక్కలు పోతే మళ్ళీ పెంచుకుంటాం" అని అత్త ఒంటికాలిమీద లేచింది.

గుళికలకు బదులు కుక్కకే పని నేర్పింది. కుండీల కింద నత్త దొరికితే కరుచుకొచ్చి ఆమె పాదాల దగ్గర పెట్టాలి. పెడితే బిస్కెట్టు ముక్క. దారిలో రెండు మూడు పటుక్కున నమిలేసేది కూడా. "కూలి ముందే తీసుకుంటోంది దొంగవెధవ" అని అత్త వచ్చిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది.

వానలు తగ్గాక జమాదారుకు దగ్గు పట్టుకుంది. ఎరువు దుమ్మే కదా అనుకుని అత్త తేనె నాకించింది. వారం తిరిగేసరికి అది డొక్కలు ఎగరేస్తూ నడవలేక చతికిలబడింది. మొగుడూ పెళ్ళాలు దాన్ని దుప్పట్లో చుట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది, మలం పరీక్ష చేసింది. "నిమోనియా అమ్మా. ఎందుకొచ్చిందో మీరే చూడండి" అని మైక్రోస్కోపు చూపించింది.

అత్త ఒక కన్ను మూసి చూసింది. సన్నటి దారప్పోగులు. మెలికలు తిరుగుతున్నాయి. చటుక్కున వెనక్కి జరిగింది.

"ఇవి పురుగు పిల్లలు. పెద్ద పురుగులు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటాయి. నత్తల్ని తింటే వస్తాయి. మీ కుక్క నత్తలేమైనా తింటుందా?"

మావయ్య అత్త మొహం చూడలేక గోడవైపు తిరిగాడు.

అత్త కుర్చీ చేయి పట్టుకుంది. "నేనే నేర్పానమ్మా" అంది. "విషం చల్లితే చచ్చిపోతుందని, నేనే నేర్పాను."

మందులు మొదలుపెట్టారు. మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. ఆ మూడు రోజులూ అత్త ఆస్పత్రి బల్ల మీంచి కదిలితే ఒట్టు. నాలుగో పూటకో ఐదో పూటకో ఊపిరి కాస్త కుదుటపడింది. పదో రోజున, నత్తల జోలికి పోనివ్వకండని గట్టిగా చెప్పి ఇంటికి పంపారు.

నర్సరీ గేటు తీశారో లేదో, జమాదారు తూలుకుంటూ మొదటి వరసలోకి దూరింది. వాళ్ళు అందుకునేలోపే నత్తను కరుచుకొచ్చి అత్త పాదాల దగ్గర పెట్టి, తోక ఊపుతూ నిలబడింది.

అలవాటు కొద్దీ కొంగుముడిలోని బిస్కెట్టు మీదికి పోయిన అత్త చేయి అక్కడే ఆగిపోయింది.

జమాదారు ఆ చేతివైపు కాసేపు చూసింది. ఒక్కటి చాలలేదనుకుందో ఏమో, మళ్ళీ కుండీల వైపు నడిచింది.