పొయ్యి పగలగొట్టిన ముహూర్తం

నేను గోరంతను కొండంత చేస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. మంగళగిరిలో మా బావ నూలుకు రంగులు వేసేవాడు. గ్యాస్ పైపు గుమ్మం దాకా రాగానే ముహూర్తం పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, రంగు కాగులు మరిగించే తాతల నాటి కట్టెల పొయ్యిని పగలగొట్టేశాడు. ఆ దుమ్ముకు గన్నవరంలో విమానాలు ఆగిపోయాయి. వారం తిరక్కముందే, ఆ పైపు వేసే హక్కు మీద గ్యాస్ కంపెనీకీ, ప్రభుత్వ నియంత్రణ మండలికీ కోర్టులో తగాదా మొదలైంది. తీర్పు వచ్చేదాకా గ్యాస్ వదలకూడదన్నారు. అప్పట్నుంచీ వాయిదాలే. రంగు కాగులు చల్లారిపోయాయి. నేతగాళ్లు నూలు వేరేచోట ఇచ్చుకుంటున్నారు.

“మళ్లీ పొయ్యి కట్టుకోరాదూ బావా?” అన్నాను.

“కట్టిన మర్నాడే తీర్పొస్తుంది బామ్మర్దీ, నా జాతకం నీకు తెలీదూ!” అని పగలబడి నవ్వాడు.

మొన్న కాగులు పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు.

ఇందులో నేను నిజంగా కల్పించింది బావ నవ్వడమే. ఆ మాట అని గోడవైపు తిరిగిపోయాడు.