సిగ్నల్ లేని ఊరు ఎతికినోడు

భద్రాచలం బస్సుల నా పక్కన ఒకడు కూసున్నడు. ఒళ్లె ఉన్న పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నడు.

"మా ఊరికే టికెట్ తీసినవ్, ఏంది సారూ అది?" అన్న.

"టెలిస్కోప్‌కి బిగించే యంత్రం అమ్మా. లోకం పుట్టినప్పటి వేడి ఆకాశంలో ఇంకా రవ్వంత మిగిలుంది, దాన్ని కొలుస్తాం. ఫోన్ సిగ్నల్ ఉంటే కుదరదు. మీ ఊళ్లో సిగ్నలే లేదంట కదా, మాకు చాలా మంచిది" అని నవ్విండు.

నాకు ఒళ్లు మండింది. "మంచిదా? మా ఆయన్ని పాము కరిస్తే, నూటెనిమిది బండికి ఫోన్ కలవక గుట్టెక్కిన. దిగొచ్చేసరికి పానం పోయింది. ఆయన ఒంట్లె వేడి సూడనీకి ఒక్కడు రాలే. నువ్వు ఆకాశానికి జ్వరం సూడొచ్చినవా?"

వాడు పెట్టె సంకనెత్తుకొని, నా దిక్కు సూడకుండ, మా ఊరు రాకముందే ఒక స్టాపుల దిగిండు. గదీ సదువుకున్నోని తెలివి.

ఇప్పుడు మా ఊర్ల టవరున్నది. ఫోన్ మోగితే ఒకపారి ఆ వేడి మిగిలిన ఆకాశం దిక్కు సూసి, అటెంక ఎత్తుత.