వెచ్చబెట్టిన పాటలు

నలభై దాటాక పరిశోధనలో చేరిన ఆడమనిషిని కొందరు జాలిగా చూస్తారు, కొందరు తమాషాగా చూస్తారు. కుట్టు టీచరమ్మ ఎవరినీ లెక్కచేయలేదు. పగలంతా బడిలో పిల్లలకు కాజాలు కుట్టడం నేర్పి, సాయంత్రం బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్లేది. నూలు మిల్లు ఆడవాళ్లు సమ్మె రోజుల్లో కట్టుకుని పాడుకున్న పాటల మీద ఆమె పరిశోధన. ఆ పాటలన్నీ ఎత్తుకున్నది ఆమె అత్తగారేనని మిల్లులో చేసిన పెద్దవాళ్లంతా చెప్పేవారు. అయితే ఈవిడ కోడలిగా ఇంట్లో అడుగుపెట్టేనాటికే దూది దుమ్ము ఆ గొంతును తినేసింది. మిగిలింది జీర ఒక్కటే. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి కూడా అత్తగారు పాడగా ఆమె ఒక్క ముక్క వినలేదు, ఆ లోటు ఆమెకు ఎప్పుడూ ఉండేది.

అప్పట్లో యూనియన్ గుమస్తా ఒకాయన మిల్లు గేటు దగ్గర ఆ పాటల్ని రికార్డు చేశాడు. ఆ టేపు చుట్టలు యూనియన్ ఆఫీసు బీరువా అడుగున దొరికితే టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. పరుగున తీసుకెళ్లి తన పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసర్ గారి ముందు పెట్టింది. ఆయన ఒక చుట్టను యంత్రానికి ఎక్కించి తిప్పారు. అది కీచుమని అరిచి, గోధుమరంగు జిగురు కక్కి, అక్కడే బిగుసుకుపోయింది.

ప్రొఫెసర్ చేతులెత్తేశారు. "ఇవి పోయాయమ్మా. వచ్చే పరిశోధన కమిటీ సమావేశంలో ఒక్క పాటైనా వినిపించకపోతే మీ అంశం రద్దు చేస్తారు. ఏదో ఒక పుస్తకం మీద రాసుకోండి, హాయిగా ఉంటుంది."

"హాయి కావాలంటే ఇంట్లోనే పడుకునేదాన్ని కదండీ" అని చుట్టలు సంచిలో వేసుకుని బయటపడింది.

గ్రంథాలయం వెనక, సైకిళ్ల షెడ్డు పక్కన 'డిజిటల్ మానవీయ శాస్త్రాల కేంద్రం' అని ఒక బోర్డుంది. ప్రింటర్లు బాగుచేసే చోటు కాబోలని సగం మంది ప్రొఫెసర్లు ఇప్పటికీ అనుకుంటారు. బోర్డు చదవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి మరి! పాత పాటల్నీ రాతల్నీ కంప్యూటర్‌లో దాచే ఆ చోటికే టీచరమ్మ వెళ్లింది. అక్కడి సౌండు ఇంజనీరు, టీచరమ్మ కంటే చాలా చిన్నది, చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పోలేదక్కా, చెమ్మ పట్టిందంతే. వెచ్చబెడదాం."

"వెచ్చబెట్టడమేంటమ్మా, ఇదేమన్నా నిన్నటి కూరా?"

"నిజంగానే అక్కా. ఓవెన్‌లో, బాగా తక్కువ వేడిలో ఓ పూటంతా ఉంచితే చెమ్మ దిగిపోతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు బాగానే తిరుగుతుంది. ఈలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించేసుకోవాలి."

ఇంట్లో ఈ మాట చెబితే అత్తగారు పకపకా నవ్వింది. "నా పాటల్ని వేయించుకొస్తారా? ఉప్పూ కారం కూడా పట్టుకెళ్లు!" ఆ వెంటనే ముఖం ముడుచుకుంది. "నాకు మాత్రం వినిపించకు అమ్మాయ్. పోయిన గొంతు పోయింది."

ముందుగా, పాడైనా ఎవరూ బాధపడని టేపు ఒకటి వెతికారు. పాత రిజిస్ట్రారు వార్షికోత్సవ ఉపన్యాసం దొరికింది. వెచ్చబెట్టాక అది మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా గణగణమని మోగింది. అంత సుత్తి ఉపన్యాసానికి ఆనందంతో చప్పట్లు కొట్టినవాళ్లు లోకంలో వాళ్లిద్దరే అయ్యుంటారు.

తర్వాత అసలు చుట్టలు పెట్టారు. పాటలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. కేంద్రంలో వాళ్లు టీచరమ్మకు ఒక కంప్యూటరూ, ఒక కుర్చీ ఇచ్చి, ఒకే పాటను మిల్లులో ఒక్కో విభాగం వాళ్లు ఎలా మార్చి పాడారో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు కల్పించారు. ఏ చరణం మీద నొక్కితే ఆ గొంతు పలుకుతుంది. టీచరమ్మ ఆ కుర్చీకి అతుక్కుపోయింది.

కమిటీ రోజు ఆమె భర్త బస్సు డ్యూటీకి సెలవు పెట్టి, రానంటే రానని మొండికేసిన తల్లిని బతిమాలి తీసుకొచ్చి చివరి వరుసలో కూర్చోబెట్టాడు. టీచరమ్మ మీట నొక్కింది. మిల్లు గేటు దగ్గరి జనం హోరును చీల్చుకుంటూ ఒక పడుచు గొంతు ఖంగుమంది. బస్సు డ్రైవరైన ఆ కొడుకు, చుట్టూ నలుగురున్నారన్న సంగతి మరిచి భోరుమన్నాడు.

రెండు చరణాలయ్యాక కమిటీ అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "చాలమ్మా, అర్థమైంది. ఆపేయండి."

"ఆపకండి బాబూ" అంది వెనక నుంచి జీరగొంతు. "అసలు చరణం ఇంకా రాలేదు."

ఆ చరణం వచ్చింది. ఒక్క గొంతు వెనక మిల్లు మిల్లంతా అందుకుంది.

"ఎవరిదమ్మా ఈ గొంతు?" అన్నాడు అధ్యక్షుడు.

"మా అత్తగారిదండీ. ఇందాక మిమ్మల్ని ఆపొద్దన్నది ఆవిడే."

అందరూ వెనక్కి తిరిగారు. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి వంక చూసింది.

"ఇంకోసారి వెయ్యవే అమ్మాయ్. ఏడుస్తూ విన్నాను, సరిగ్గా వినపడలేదు."

అధ్యక్షుడు కూర్చోకుండానే మళ్లీ వెయ్యమని సైగ చేశాడు. అంశం రద్దు మాట ఆ గదిలో ఇంకెవరూ ఎత్తలేదు.