ఎర్ర డబ్బాలో పెళ్లికొడుకు

మత్తిగిరి రామలక్ష్మమ్మకు జాతకాల మీద రవ్వంత నమ్మకం లేదు. అయినా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదరాలంటే చాలామంది ఆమె గడప తొక్కాల్సిందే. హోసూరు బస్టాండు దగ్గర తాను పనిచేసిన టైపింగ్ సెంటర్ మూతపడినప్పుడు, అక్కడి పాత కంప్యూటర్‌నూ, అందులోని జాతకాల ప్రోగ్రామునూ ఇంటికి తెచ్చుకుంది. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే తెలుగులోనో తమిళంలోనో కన్నడంలోనో జాతకం అచ్చయి వస్తుంది.

"నేనేమీ చూడనప్పా, అదే చూస్తాది. కాగితం చినక్కుండా లాగేదొకటే నాకు తెలిసిన విద్య" అని వచ్చినవాళ్లకు ముందే చెప్పేది. వాళ్లు దాన్ని వినయమనుకుని ఇంకాస్త వంగి దండం పెట్టేవాళ్లు.

భర్త సుబ్రమణి మాత్రం పరమ భక్తుడు. తనకు శని ఎప్పుడు వదులుతుందో వారం వారం చూపించుకునేవాడు. శని వదిలేది లేదు, ఆయన సోఫా వదిలేదీ లేదు.

ఎవరో పెళ్లికొడుకు వివరాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాక కంప్యూటర్‌కు పిచ్చి పట్టింది. నవగ్రహాల నడుమ చాలీచాలని బట్టల ఆడవాళ్లు ప్రత్యక్షమై, మీ దగ్గర్లోనే ఉన్నాం రమ్మని పిలవసాగారు. మనవరాలి జాతకం కోసం వచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రామలక్ష్మమ్మ తెర మీద తువ్వాలు కప్పింది. సుబ్రమణి మానిటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. చీమలు వచ్చాయి.

మేడ మీద అద్దెకుండే జితేంద్ర కాకినాడ వైపువాడు, ఫ్యాక్టరీ ఆఫీసులో పని. "వైరస్ అండి ఆంటీ! నేను వాడే ఫ్రీ యాంటీవైరస్ వేసేస్తాను, ఇంక చూసుకోక్కర్లేదు" అని ఒకటి ఎక్కించి పోయాడు. మర్నాడు రామలక్ష్మమ్మ తమ్ముడు ధనశేఖర్ వచ్చి దాన్ని చూసి మూతి విరిచాడు.

"ఇదొక యాంటీవైరసా అక్కా? మా కంపెనీలో అందరూ వేసుకునేది వేరే ఉంది" అని అతనూ ఒకటి ఎక్కించాడు.

"మరి మొదటిది తీసేయప్పా."

"ఉండనీలే. ఇద్దరు వాచ్‌మన్లుంటే నష్టమా?"

ఊరికే వచ్చేదానికి పిసినారితనం ఎందుకని, తెర మీద మెరిసిన ప్రకటన నొక్కి మూడోది రామలక్ష్మమ్మే దించుకుంది.

అసలే అది ముసలి యంత్రం. పొద్దున ఆన్ చేసి, ఇడ్లీ పెట్టి, తిని, గిన్నెలు కడుక్కుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. లోపలి ఫ్యాను పిండిమరలా మోగేది. వాచ్‌మన్లు దొంగను వదిలేసి ఒకర్నొకరు దొంగ అని అరుచుకునేవారు. మధ్యమధ్యలో ముగ్గురూ ఒక్కమాట మీదికొచ్చి, డబ్బు కడితే ఇంకా బాగా అరుస్తామనేవారు.

ఆ గందరగోళంలో గురుబరపల్లి టమోటా రైతు నంజప్ప, కూతురు పవిత్రను వెంటబెట్టుకుని వచ్చాడు. పవిత్రకు హోసూరులో అకౌంట్స్ ఉద్యోగం. తిలక్ అనే పిల్లవాడితో పొంతన చూడాలి. రామలక్ష్మమ్మ వివరాలన్నీ కొట్టి మీట నొక్కింది. తిలక్ పేరు వచ్చింది. దాని కిందే పెద్ద ఎర్ర డబ్బా ఊడిపడింది.

"ఏం పాపా అది?" అన్నాడు నంజప్ప.

పవిత్ర ఇంగ్లీషులో ఉన్నదాన్ని నింపాదిగా, మరీ స్పష్టంగా తెలుగులో చదివింది. "ప్రమాదం కనిపెట్టినాము, వెంటనే తొలగించండి అని ఉంది నాయనా."

నంజప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సోఫాలో ఉన్న సుబ్రమణి కూడా లేచాడు.

"అయ్యో, అది పిల్లోడి గురించి కాదప్పా! ఈ యాంటీవైరస్ నా జాతకాల ప్రోగ్రామునే దొంగనుకుంటా ఉంది" అంది రామలక్ష్మమ్మ. ఎవరూ నమ్మలేదు.

కాఫీ తేవడానికి లోపలికి వెళితే పవిత్ర వెనకే వచ్చింది.

"అత్తా, నిజం చెప్పొద్దు. ఆ పిల్లోడు ఫోన్ చేసినప్పుడల్లా ఉద్యోగం ఎప్పుడు మానేస్తావు అంటాడు. నా మాట నాయన వినడు, ఆ డబ్బా మాటయితే వింటాడు."

రామలక్ష్మమ్మ పాలు పొంగేదాకా ఆలోచించింది. ఒక్క అబద్ధంతో పని అయిపోతుంది. కానీ రేపు ఇంకో పిల్ల ఇష్టపడినవాడి పేరు కిందా ఇదే డబ్బా పడితే? పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"నంజప్పా, దేవుడి మీద ఒట్టు, అది వైరస్ గొడవ. నీకు కావాల్సిన సంగతి దాంట్లో లేదు, నీ కూతురి నోట్లో ఉంది. అడుగు."

పవిత్ర చెప్పింది. తిలక్ ఫోన్‌లో అనే మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పింది.

"ముందే చెప్పచ్చు కదా పాపా?"

"చెప్పినాను నాయనా. నువ్వు ఫోన్‌లో టమోటా రేటు చూస్తా ఉన్నావు."

నంజప్ప కాఫీ ముట్టకుండా కూతురితో వెళ్లిపోయాడు. ఆ కాఫీ సుబ్రమణి తాగాడు.

ఇంత గొడవ తెచ్చిందన్న కోపమంతా రామలక్ష్మమ్మ కంప్యూటర్ మీద చూపించింది. జితేంద్రది తీసేసింది, ధనశేఖర్‌ది తీసేసింది. తాను దించుకున్నది మాత్రం కదలనని మొండికేసింది. మిగతావి పోయాక తెలిసిందేమంటే, విండోస్‌తో పాటు వచ్చిన కాపలా ఒకటి ఎప్పటినుంచో లోపలే ఉంది, కొత్తవాళ్లు రాగానే పక్కకు తప్పుకుంది. దాన్ని లేపి, అప్‌డేట్ చేసి, మూలమూలా వెతికించింది. పెన్‌డ్రైవ్ చెత్తతో పాటు మొండికేసిన మూడో వాచ్‌మన్ కూడా దొంగేనని తేలింది. జాతకాల ప్రోగ్రామును అసలు సీడీలోంచి మళ్లీ ఎక్కించి, దీని జోలికి పోవద్దని ఆ విండోస్ కాపలాకు చెప్పింది. జితేంద్ర, ధనశేఖర్ ఇద్దరూ అలిగారు. కంప్యూటర్ మాత్రం ఇడ్లీ ఉడికేలోపే లేస్తోంది.

కొన్నాళ్లకు నంజప్ప ఫోన్ చేశాడు.

"ఇంకో సంబంధం వచ్చిందమ్మా. జాతకం తీసే ముందు పాపను అడిగినాను."

"ఏమనింది?"

"ఆలోచించి చెప్తానంది."

"అయితే ఆలోచించుకోనీ. నేనేడికి పోతాను?" అంటూ రామలక్ష్మమ్మ ప్రింటర్‌లో ఇరుక్కున్న ఎవరిదో కుజదోషాన్ని మెల్లగా బయటికి లాగింది.