కనుబొమలకు అపాయింట్‌మెంట్

ఆ రోజుల్లో, లైబ్రరీ పుస్తకంలో ఏది చదివితే అది మర్నాటికల్లా మా దీవిలోని బతు బస్తీలో అమలైపోవాలని నాకు గట్టి పట్టుదల. ఈ సంగతి ఇప్పుడు రాసిపెట్టక తప్పడం లేదు. ఎందుకంటే మా పిన్ని ఆ క్రిస్మస్ ముందు శనివారం కథని మొదట్నుంచీ తనే వేసిన పథకంగా చర్చిలో అందరికీ చెప్పేస్తోంది. ఇంకో ఏడాది ఊరుకుంటే ఆ కథలో నేనున్నానా లేదా అని నాకే అనుమానం వచ్చేలా ఉంది. (తెలుగు నాకు బళ్ళో నేర్పలేదు. నాన్న పక్కన కూర్చుని కీర్తనల పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కున్నాను, మిగతాది లైబ్రరీ ధర్మం. తప్పులుంటే క్షమించండి, ఒప్పులుంటే దయచేసి పైకి చెప్పండి.)

పిన్నికి ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడవారన పొడుగాటి బెంచీ, డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నేను. మెయిన్ రోడ్డు మీద ఏసీ పార్లర్ తెరిచాక మా దగ్గరికొచ్చేవాళ్ళు పల్చబడ్డారు. "ఈ క్రిస్మస్ సీజన్ చూస్తానే. ఇలాగే ఉంటే షట్టర్ దించీసి, బజార్లో బట్టల కొట్టులో సేల్స్‌గర్ల్‌గా చేరిపోతాను" అంది పిన్ని. ఊరందరికీ కనుబొమలు తీర్చిన మనిషి ఎవరి కొట్టులోనో చీరలు మడతపెట్టడమా! ఆ సాయంత్రమే లైబ్రరీకి పరిగెత్తి, సేవల మార్కెటింగ్ మీద ఓ లావుపాటి పుస్తకం తెచ్చాను. సబ్బు అమ్మడం వేరు, సేవ అమ్మడం వేరట. మిగిలిన సబ్బుని దాచి రేపు అమ్మొచ్చు, ఖాళీగా పోయిన కుర్చీని మాత్రం దాచి అమ్మలేం. ఆ వాక్యానికి నా ఒళ్ళు పులకరించింది. సగం పుస్తకం అయ్యేసరికి మా శత్రువెవరో తేలిపోయింది: నిరీక్షణ! కస్టమర్ని ఊరికే కూర్చోబెట్టడం కంటే పాపం లేదు.

వెంటనే అందరికీ ఫోన్లో టైములు పంపించి, బెంచీని ఈడ్చి పెరట్లో పడేశాను. "బెంచీ నిన్నేటి చేసిందే?" అంది పిన్ని. "అది మన వెనకబాటుతనం పిన్నీ!" అన్నాను. ఇంకో రూలు కూడా పెట్టాను: పని జరుగుతున్నంతసేపూ కస్టమర్‌తో ఆప్యాయంగా మాట్లాడాలి. అయితే కనుబొమలు తీసేటప్పుడు దారం ఒక కొస పిన్ని పళ్ళ మధ్య ఉంటుంది, కుర్చీలో ఉన్నావిడ రెండు చేతులతో తన కంటిరెప్ప లాగి పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఆప్యాయంగా మాట్లాడవలసిన ఇద్దరికీ నోరు లేదు. ఈ ఇబ్బంది గురించి పుస్తకం ఏమీ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున్నే కుర్చీలో మా చర్చికొచ్చే హెడ్‌నర్సమ్మ. బెంచీ లేదు, బెంచీ మీది కబుర్లూ లేవు. "ఇయ్యాల ఇంత నొప్పేటమ్మా? దారం మార్చేరా?" అందావిడ. పిన్ని "ఊఁహూఁ" అంది. ఇంతలో చౌల్దారీ అత్త (చౌల్దారీ ఊళ్ళో పోకతోట ఉన్నావిడ, వరసకి అందరికీ అత్తే) గుమ్మంలో దిగింది.

"అత్తా, మీ టైం మూడింటికి. అప్పుడు రండి."

"మూడింటికా? చౌల్దారీ బస్సు మీ బాబాయ్ తోల్తున్నాడేటి, నీ టైంకి రాడానికి? కూకుంటాన్లే, జర్గు."

"కూర్చోడానికి లేదత్తా. మా దగ్గర ఇకమీదట నిరీక్షణ లేదు."

"నిరీక్షణ లేపోతే నువ్వేం క్రైస్తవురాలివే!" (చర్చిలో నిరీక్షణంటే దేవుడి మీద ఆశ) అని, విసురుగా వెళ్ళి పక్క కొట్టు ముందు ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంది. కొట్టు భయ్యా "బైఠియే మౌసీ" అని ఇంకో బస్తా జరిపాడు. నేను తిప్పి పంపిన మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే అక్కడే చేరారు. అత్త మొదలెట్టింది: మెయిన్‌లాండ్ నుంచి వాళ్ళ మేనకోడల్ని చూడ్డానికి పెళ్ళికొడుకు ఓడలో వచ్చాడు. దిగి తిన్నగా పెళ్ళిచూపులకే. "అరే, కుర్చీని రెండు చేతుల్తో పట్టీసుకున్నాడమ్మా! మా పిల్ల టీ తెస్తే, 'ఇల్లూగుతోందండీ, ముందు మీరు కూకోండి' అంటాడు!"

నవ్వులు గోడ దాటి వచ్చాయి. హెడ్‌నర్సమ్మ ఒక కన్ను తెరిచింది. "ఇల్లూగడవేటి? ఎవరిల్లు?" అంటూ, ఒక కనుబొమ ధనుస్సులా, రెండోది పొదలా, మెళ్ళో తువ్వాలుతో వీధిలోకి నడిచింది. పళ్ళలో దారంతో పిన్ని ఆమె వెనకాల. పుస్తకంతో నేను పిన్ని వెనకాల.

"ఫిర్ క్యా హువా, అత్తా? తర్వాతేటయింది?" అంది హెడ్‌నర్సమ్మ, ఓ బస్తా మీద కూలబడి.

"ఏటవుద్ది! మా పిల్ల కూడా కుర్చీ పట్టుకుని, 'అవునండీ, ఊగుతోంది' అంది. సంబంధం పక్కా!"

ఆ రెండో కనుబొమ ఉల్లిపాయల మధ్యే పూర్తయింది. నవ్వుతూనే చేయించుకుంది హెడ్‌నర్సమ్మ, అబ్బా అన్నది లేదు. ఏసీ పార్లర్‌కి వెళ్తున్న ఇద్దరు ఆడపిల్లలు ఆగి, "దీదీ, ఇక్కడ కూర్చుంటే మా నంబర్ ఎన్నోది?" అన్నారు. పిన్ని దారం ఉమ్మేసి, "ఒసే, బెంచీ లోపలికి తే!" అని అరిచింది. తెచ్చాను. ఆ సీజన్ అంతా బెంచీ చాలక కొట్టు భయ్యా బస్తాలు అరువిచ్చాడు. బట్టల కొట్టు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. పుస్తకం రెండో సగంలో, కూర్చున్న కస్టమర్లు కూడా సేవలో భాగమేనని శుభ్రంగా రాసే ఉంది. (అది మొదట్లో రాస్తే ఏం పోయింది?)

ఇప్పుడు ఓ హోటల్లో రిసెప్షన్ చూస్తున్నాను. ఇది రాయడానికి కారణమైన పిన్నికి, చౌల్దారీ అత్తకి, ఒంటి కనుబొమతో వీధిలోకొచ్చిన హెడ్‌నర్సమ్మకి, ఉల్లిపాయల భయ్యాకి, గడువు దాటినా కోప్పడని లైబ్రరీ దీదీకి, అక్షరాలిచ్చిన నాన్నకి వందనాలు. చివరగా, అప్పటి నేనైన ఆ పిల్లకి కూడా. సగం పుస్తకానికే ఊరంతటినీ టైముకి నడిపించేయగలననుకుంది. ఇప్పుడు పుస్తకాలు చివరిదాకా చదువుతున్నాను. అంత ధైర్యం మళ్ళీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.